అన్నీ మూడో నంబరే

చెప్పుల కొట్టుకీ మెట్లకీ మధ్య ఉన్న సన్నటి గది ఆమె షాపు. తలుపు తెరిస్తే తలుపే సగం గది తినేసేది. అందుకని దాన్ని ఎప్పుడో ఊడదీయించి, షట్టర్ ఒక్కటే ఉంచింది. లోపల గోడ పొడుగునా ఒక బల్ల. బల్ల మీద విప్పిన కుట్టుమిషన్లు, నూనె డబ్బా, మూతల్లో పోసిన స్క్రూలు. ఒక స్టూలు, ఒక కుర్చీ. స్టూలు ఆమెది. కుర్చీ వచ్చినవాళ్ళది.

సూది వంగింది, బెల్టు తెగింది, దారం చిక్కుపడుతోంది అని తెచ్చినవాళ్ళు మిషను వదిలేసి వెళ్ళిపోవచ్చు. వేగం గురించి ఫిర్యాదు అయితే మాత్రం వెళ్ళనివ్వదు. తొక్కగానే పరిగెత్తుతోందనో, తొక్కినా కదలడం లేదనో చెప్పినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చోవాలి.

"కూర్చుని తొక్కమ్మా."

"నువ్వే తొక్కి చూసుకోవచ్చుగా. నాకవతల బోలెడు పని."

"నా కాలికి సర్దితే నీకేం లాభం? ఇంటికి నన్ను కూడా తీసుకెళ్తావా?"

వాళ్ళు గొణుక్కుంటూ కూర్చుంటారు. ఆమె నేల మీదికి వంగి, మోటారు పెడల్ అడుగున ఉన్న స్క్రూని పిసరంత తిప్పుతుంది. మళ్ళీ తొక్కమంటుంది. మిషను వంక చూడదు. కాలు వంక చూస్తుంది. కొందరి కాలు పెడల్ మీద పడిపోతుంది. కొందరిది ఆలోచిస్తూ దిగుతుంది. మొదటి కుట్టు నెమ్మదిగా పడాలి, అది అందరూ చెప్పే మాటే. కానీ ఎంత నెమ్మది అన్నది ఏ ఇద్దరికీ ఒకటి కాదని ఆమెకి తెలుసు.

వీధిలో ఆమెని మిషనమ్మ అంటారు. ఆమె మరిది మిషనొదిన అంటాడు. పెళ్ళికి ముందు ఆమె బట్టల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. అక్కడి మెకానిక్ మహా తీరుబడి మనిషి. మిషను ఆగిపోయిందని కబురు పెడితే వచ్చేసరికి పొద్దు వాలేది. ఖాళీగా కూర్చోవడం చేతకాక ఆమె మూత విప్పి చూడటం మొదలుపెట్టింది. కొన్నాళ్ళకి పక్క వరసల వాళ్ళు మెకానిక్‌కి బదులు ఆమెకే కబురు పెట్టేవారు. మెకానిక్ కూడా ఏమీ అనుకోలేదు. మరింత తీరుబడి దొరికిందని సంతోషించాడు.

ఆమె భర్త బోర్డులు రాసే పెయింటరు. అక్షరం గుండ్రంగా, నిండుగా, దూరం నుంచి కనిపించేలా రాస్తాడు. ప్లాస్టిక్ బోర్డులు వచ్చాక చేతికి పని తగ్గింది, కానీ చెయ్యి ఊరుకోలేదు. ఒక బొమ్మల దుకాణం మూతపడినప్పుడు, ఆ దుకాణం బోర్డు ఒకప్పుడు ఇతనే రాశాడు కాబట్టి, యజమాని పిలిచి కిటికీలో తిరుగుతుండే చిన్న రైళ్ళని, పట్టాల పెట్టెతో సహా ఇచ్చేశాడు.

పెయింటరు వాటిని మేడ మీది గదికి చేర్చాడు. గది చుట్టూ గోడలని ఆనుకుని నడుము ఎత్తున చెక్క వేయించాడు. దాని మీద పట్టాలు, ఒక స్టేషను, ఒక వంతెన, ఒక కొండ. గది మధ్యలోకి వెళ్ళాలంటే చెక్క కిందుగా వంగి దూరాలి. దూరి లేచి నిలబడితే చుట్టూ రైళ్ళు. కొండ ఎప్పటికీ పూర్తి కాలేదు. ప్రతి వానాకాలం తర్వాతా దాని రంగు తప్పని అతనికి అనిపించేది.

రైళ్ళు మాత్రం సరిగ్గా నడిచేవి కావు. మీట తిప్పితే కొంతసేపు మూలిగి, ఉన్నట్టుండి కప్పలా గెంతేవి. ఒకసారి ఆమె టీ ఇవ్వడానికి పైకి వచ్చి, కాసేపు నిలబడి చూసింది.

"ఇది పాత పెడల్ జబ్బే," అంది.

"అంటే?"

"మోటారుకి మెలకువ రావాలంటే గట్టిగా కొట్టాలి, కొట్టాక అది ఆగదు. పాత పెడళ్ళన్నీ అంతే. ఇప్పుడొచ్చేవాటిలో చిన్న కార్డు ఉంటుంది. అది కరెంటుని ముక్కలు ముక్కలుగా ఇస్తుంది. వీటికి అలాంటివి ఉండవా?"

ఉన్నాయి. డీకోడర్ అంటారు. గోరంత కార్డు, దాని నుంచి సన్నటి రంగురంగుల తీగలు. అది ఇంజను కడుపులో కూర్చుంటుంది. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. నడపమనీ ఆపమనీ చెప్పే మాటలు ఆ కరెంటుతో కలిసే వస్తాయి. ప్రతి ఇంజనుకీ ఒక నంబరు ఉంటుంది. తన నంబరుతో వచ్చిన మాటని తీసుకుంటుంది, మిగతావాటిని వదిలేస్తుంది. ఒకే పట్టా మీద రెండు బండ్లు ఉన్నా, ఒకటి కదులుతుంది, ఒకటి నిలబడి ఉంటుంది.

మొదటి డీకోడర్‌ని ఆమె కాల్చేసింది. పాత ఇంజన్లలో మోటారుకి కరెంటు అందించే బ్రష్షు ఒకటి ఇంజను ఒంటికే ఆనుకుని ఉంటుంది. దాన్ని ముందు విడదీయాలి. అది చూడకుండా టంకం వేసి, మూత బిగించి, పట్టా మీద పెట్టింది. దారం అంత పొగ వచ్చింది, అంతే. ఆమె మళ్ళీ మూత విప్పి, బ్రష్షు ఎక్కడ ఆనిందో చాలాసేపు చూసింది. తర్వాత ఎన్నిటికి అమర్చినా మళ్ళీ పొగ రాలేదు.

మరిది సంగతి ఇక్కడ చెప్పాలి.

పెయింటరు తమ్ముడు నిజం రైళ్ళు నడిపేవాడు. సరుకుల బండ్లు. మాట తక్కువ మనిషి. ఉద్యోగంలో అందరికీ చేసే కంటి పరీక్షలో అతని ఎడమ కంటికి పక్కవైపు చూపు తగ్గుతోందని తేలింది. ఎదురుగా అంతా బాగానే కనిపిస్తుంది. పక్కనుంచి వచ్చేది కనిపించదు. ఇంజను దింపేసి ఆఫీసులో కూర్చోబెట్టారు. ఎవరు ఏ బండి ఎక్కాలో రాసే పని. "ఇప్పుడు కుర్చీ నడుపుతున్నా," అనేవాడు మొదట్లో. తర్వాత అది కూడా అనడం మానేశాడు. ఆఫీసు నుంచి రావడం, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోవడం. ఆదివారాలు పొద్దుటి నుంచే ఆ కుర్చీలో. అతని భార్య ఒకరోజు ఫోన్ చేసి, "ఆయన లేవడం లేదక్కా. తిట్టినా బావుణ్ణు, తిట్టడం కూడా లేదు," అంది.

అప్పుడు మిషనమ్మ అతన్ని పిలిచింది. చూడటానికి రమ్మని కాదు. పనికి రమ్మంది.

"నల్ల గూడ్సు ఇంజనుకి కార్డు పెట్టాను. బండి ఎలా కదలాలో నాకు తెలీదు. మీ అన్నయ్యని అడిగితే కొండ గురించి చెప్తాడు. నువ్వొచ్చి చెప్పు."

అతను వచ్చాడు. చెక్క కిందుగా దూరి, లేచి, మీట ఉన్న కంట్రోలర్ అందుకున్నాడు. మీట తిప్పాడు. నల్ల గూడ్సు బయల్దేరింది.

"గూడ్సు బండికి కాస్త సిగ్గుండాలి వదినా," అన్నాడు. "పిలవగానే లేచి రాకూడదు."

ఆమె ఒక అంకె మార్చింది. మొదటి కదలికకి ఎంత కరెంటు, నిండు వేగం ఎంత, నడి వేగం ఎంత, వేగం అందుకోవడానికి ఎంతసేపు, ఆగడానికి ఎంతసేపు - ఒక్కోదానికి ఒక్కో అంకె. డీకోడర్ వాటిని తనలోనే దాచుకుంటుంది. ఒకటి మారిస్తే ఇంకొకటి తప్పుగా తోచేది. అతను తిప్పి చూసేవాడు, తల అడ్డంగా ఊపేవాడు, ఆమె మార్చేది. ఆ వానాకాలమంతా ఆదివారాలు అలాగే గడిచాయి. చివరికి ఒక మధ్యాహ్నం మీట తిప్పితే, బండి ఒక ఊపిరి పాటు ఏమీ వినపడనట్టు ఊరుకుని, తర్వాత ఇష్టం లేనట్టు కదిలింది. వంతెన ముందు మీట సున్నాకి తెస్తే, వంతెన దాటి, చాలా దూరం జారి, సిగ్నలు ముందు ఆగింది.

అతను తల అడ్డంగా ఊపలేదు.

తర్వాత ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఏమీ మాట్లాడకుండా నల్ల గూడ్సుని నడిపి, టీ తాగి వెళ్ళేవాడు. పెయింటరు ఆ రోజుల్లోనే రంగు దీపాల సిగ్నళ్ళన్నీ పీకేసి, వాటి బదులు చెయ్యి ఎత్తి దించే సిగ్నళ్ళు పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక బుధవారం మధ్యాహ్నం పెయింటరు షాపుకి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో అతను ఆ కుర్చీలో కూర్చోలేదు. ఆమె చేతిలో స్క్రూడ్రైవరు ఆగింది.

"ఏం విరగ్గొట్టారు?"

"ఏదీ విరగలేదు."

"మరి?"

"స్విచ్చు."

ఆమె స్క్రూడ్రైవరు కింద పెట్టింది.

మేడ మీది గదిలో కిటికీ పక్కన జానెడు పట్టా ముక్క ఒకటి విడిగా ఉంటుంది. ఇంజనుకి నంబరు ఇవ్వాలన్నా, అంకెలు మార్చాలన్నా దాన్ని ఆ ముక్క మీద పెట్టాలి. ఎందుకంటే అంకె రాసేటప్పుడు కంట్రోలర్ ఎవరినీ పేరు పెట్టి పిలవదు. నంబరుతో పని లేకుండా, ఎదురుగా ఉన్నవాళ్ళందరికీ చెప్తుంది. ఎదురుగా ఒక్కరే ఉండాలి. కంట్రోలర్ ఆ ముక్కతో మాట్లాడాలా, గది చుట్టూ ఉన్న పట్టాలన్నిటితో మాట్లాడాలా అన్నది ఒక చిన్న స్విచ్చు తేలుస్తుంది. ఆమె ముందు స్విచ్చు వేసి, తర్వాతే ఇంజను అందుకుంటుంది. ఆ వరస ఎప్పుడూ తప్పలేదు.

పెయింటరుకి ఎవరో పాత పసుపు ఇంజను ఇచ్చారు. స్టేషను యార్డులో పెట్టెలు అటూ ఇటూ తోసే చిన్నది. దానిలో డీకోడర్ అప్పటికే ఉంది, కానీ పాత యజమాని ఏ నంబరు ఇచ్చాడో తెలియదు. అలాంటప్పుడు ముందు దాన్ని అంతా మర్చిపొమ్మని చెప్పాలి. మర్చిపోయిన డీకోడర్ కొత్తదానితో సమానం. కొత్తవన్నీ మూడో నంబరే.

"నీకు చూపించి ఆశ్చర్యపోయేలా చేద్దామనుకున్నా," అన్నాడు పెయింటరు.

"ఆశ్చర్యపోయాను. స్విచ్చు ఎటుంది?"

"గది వైపు."

"పసుపు ఇంజను?"

"ముక్క మీద."

"ఎన్నిసార్లు నొక్కారు?"

"జవాబు రాలేదు. సరిగ్గా నొక్కలేదేమోనని రెండోసారి కూడా గట్టిగా నొక్కా."

"గట్టిగా నొక్కితే బాగా మర్చిపోతాయనా?"

అతను చెప్పుల కొట్టు వైపు చూశాడు. తర్వాత జరిగినది తనే చెప్పాడు. మూడో నంబరు పిలిచి, పసుపు ఇంజను వంకే చూస్తూ మీట తిప్పాడు. వెనకాల చప్పుడు. తిరిగి చూస్తే, గదిలో ఉన్న ఇంజన్లన్నీ ఒక్కసారే బయల్దేరి వస్తున్నాయి. ప్యాసింజరు వెళ్ళి కొండని గుద్దుకుంది. పెట్టెలు లేని పాత ఆవిరి ఇంజను స్టేషనులో ఆగకుండా వెళ్ళిపోయింది. నల్ల గూడ్సు అన్నిటికన్నా ముందుంది. ప్లగ్గు పీకేవరకూ మిగతావేవీ ఆగలేదు.

"పసుపుది?"

"అదొక్కటే కదల్లేదు."

ఆమెకి నవ్వు వచ్చింది, కానీ సగంలోనే ఆగింది. "నల్ల గూడ్సు కూడా పట్టాల మీదే ఉందా?"

"ఆదివారం వాడు వదిలేసిన చోటే ఉంది."

షట్టర్ దించి ఇద్దరూ ఇంటికి నడిచారు. ఇప్పుడు అన్నీ మూడో నంబరే కాబట్టి, ఆమె మిగతా ఇంజన్లని పట్టాల మీంచి తీసేసి, నల్ల గూడ్సుని ముక్క మీద పెట్టి, స్విచ్చు వేసి, అంకెలు ఒక్కొక్కటీ చదివించింది. అన్నీ కొత్తవాటిలో ఉండేవే. ఆ వానాకాలం సర్దినవాటిలో ఏదీ మిగలలేదు. అంకెలు ఎక్కడా రాసిపెట్టుకోలేదు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంజనునే అడగవచ్చు కదా అనుకుంది. అంకెలన్నీ దాచిన చోటు అదే.

"వాడికి చెప్పొద్దు," అన్నాడు పెయింటరు. "ఆదివారానికి ఇంకా టైముంది. నువ్వు సర్దెయ్. నీ చేతికి గుర్తుండదా?"

అప్పుడే తోడికోడలు ఫోన్ చేసింది. వేరే ఏదో మాట చెప్పి, చివర్లో, "ఆదివారం ఆయన పెందలాడే వస్తారట అక్కా. చొక్కా ఏదని ఇవాళే అడుగుతున్నారు," అంది. ఆమె "రానీ," అని ఫోన్ పెట్టేసింది.

ఆ బండి కదిలే తీరు చూడటానికే అతను కుర్చీలోంచి లేస్తున్నాడని ఇద్దరికీ తెలుసు. అది పోయిందని తెలిస్తే మళ్ళీ ఆ కుర్చీలోకే వెళ్తాడేమో. పెయింటరు కొండకి పడ్డ సొట్ట వంక చూస్తూ నిలబడ్డాడు.

షాపు మూశాక సాయంత్రాలు ఆమె మొదలుపెట్టింది. పెయింటరు మీట తిప్పేవాడు, ఆమె మార్చేది. పని అనుకున్నంత కష్టం కాలేదు. శుక్రవారానికే నల్ల గూడ్సు నెమ్మదిగా, ఒక్క అదురు లేకుండా కదిలింది. సిగ్నలు ముందు ఆగింది కూడా.

"అదే," అన్నాడు పెయింటరు. "అచ్చం అదే. వాడి జేజమ్మ కూడా కనిపెట్టలేదు."

"మీ జేజమ్మ కూడా ఆవిడే."

"నేను కనిపెట్టలేదు కదా, అదే చెప్తున్నా."

ఆమె అతని చేతి వంక చూస్తోంది. అతను మీటని కుంచె లాగినట్టు తిప్పుతాడు. ఒకే ఒరవడి, మొదటి నుంచి చివరి వరకు ఆగకుండా. మరిది అలా తిప్పడు. కొంచెం తిప్పి ఆగుతాడు. బండి ఏమంటుందో విని, ఇంకొంచెం తిప్పుతాడు. ఆమె మీట తను అందుకుని, మరిది తిప్పినట్టు తిప్పి చూసింది. అదే బండి వేరేగా కదిలింది. మధ్యలో ఎక్కడో తొందరపడింది. సున్నాకి తెస్తే వంతెన మీదే నిలబడిపోయింది.

ఆమె కంట్రోలర్ పెట్టేసింది.

"మనిషి లేకుండా సర్దుతున్నా," అంది.

"ఏంటి?"

"ఇది మీ చేతి బండి. బాగానే ఉంది, కానీ మీది."

నల్ల గూడ్సుని తీసింది. స్విచ్చు ముక్క వైపు వేసింది. ఇంజనుని ముక్క మీద పెట్టింది. అంతా మర్చిపొమ్మని చెప్పింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది.

"ఏం చేశావు?"

"చెరిపేశా."

"రెండు రోజుల పని," అన్నాడు పెయింటరు. కోపంగా అనలేదు. అతని గొంతులో ఉన్నది భయం. "ఏం చూపిస్తావు వాడికి?"

"ఏమీ చూపించను. కూర్చోబెడతా."

ఆదివారం మరిది ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. చెక్క కిందుగా దూరి లేచేసరికి చొక్కా వెనకాల దుమ్ము అంటుకుంది. పెయింటరు అటు తిరిగి కొండ సొట్టకి మెత్తటి మట్టి రాస్తున్నాడు. ఆమె కంట్రోలర్ ఇవ్వలేదు.

"ఆగు మరిదీ. నీ బండి ఉంది, కానీ అందులో ఉన్నదంతా పోయింది."

అతను ఆమె వంక చూశాడు. తర్వాత అన్న వీపు వంక చూశాడు.

"స్విచ్చా?" అన్నాడు.

"ఊఁ," అన్నాడు పెయింటరు, తిరగకుండానే.

"రెండుసార్లు నొక్కి ఉంటావు."

"నీకెవరు చెప్పార్రా?"

"ఎవరూ చెప్పలేదు. కాలింగ్ బెల్లు కూడా నువ్వు అలాగే నొక్కుతావు."

అంతే. పట్టాల మీద ఉన్న నల్ల గూడ్సు వంక చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, చెక్క కిందుగా బయటికి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటిన అడుగులు వినిపించాయి. మెట్ల దగ్గర ఆగాయో, దిగాయో తెలియలేదు.

"చెప్పాను కదా," అన్నాడు పెయింటరు మెల్లగా. "శుక్రవారం నాటిది ఉంచాల్సింది."

ఆమె కదల్లేదు. మిషను ముందు నుంచి లేచి వెళ్ళిపోయినవాళ్ళని ఆమె ఎప్పుడూ వెనక్కి పిలవలేదు. కాలు నొప్పి పుడుతోందని లేచేవాళ్ళుంటారు, విసుగొచ్చి లేచేవాళ్ళుంటారు. కుర్చీ అక్కడే ఉంటుంది. ఈసారి మాత్రం చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తోచలేదు. పక్కనున్న గుడ్డ తీసుకుని, తుడవక్కర్లేని పట్టా తుడిచింది. కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయడానికి తంటాలు పడుతున్నారు. చాలాసేపటికి అది స్టార్టయి వెళ్ళిపోయింది.

చెక్క కింద చప్పుడైంది. మరిది దూరి లేచాడు. మొహం కడుక్కున్నట్టున్నాడు, జుట్టు ముందు తడిగా ఉంది.

"ఇప్పుడెలా కదుల్తోంది? చూపించు," అన్నాడు.

ఆమె కంట్రోలర్ ఇచ్చింది. "మూడో నంబరు."

అతను మీట కొంచెం తిప్పాడు. నల్ల గూడ్సు గెంతింది. వెనకున్న పెట్టెల్లో ఒకటి పక్కకి పడిపోయింది. అతను ఆపాడు. నోటి పక్కన ఏదో కదిలింది.

"ఇది నేను," అన్నాడు.

"ఏంటి?"

"మొదటిసారి బండి నా చేతికిచ్చినప్పుడు ఇలాగే లాగాను. వెనక పెట్టెలో గార్డు టీ మొత్తం చొక్కా మీద ఒంపుకున్నాడు. తర్వాతి స్టేషన్లో దిగి, ఆ చొక్కా చూపించడానికి ఇంజను దాకా నడిచొచ్చాడు. అంత దూరం."

పెయింటరు మట్టి చేతులతో ఇటు తిరిగాడు. ఈ మాట తమ్ముడి నోటి నుంచి అతను ఎప్పుడూ వినలేదు.

మరిది పడిన పెట్టెని లేపి పట్టాల మీద కూర్చోబెట్టాడు. చక్రాలు సరిగ్గా కూర్చున్నాయో లేదో వేలితో చూశాడు.

"వదినా, ఒకటి చెప్తాను. ఏమీ అనుకోవద్దు. పాతది నాది కాదు."

"మరెవరిది?"

"నాకు పని నేర్పినాయనది. ఆయన ఎలా లాగేవాడో నీకు చెప్పాను. బండి కదిలినట్టే తెలిసేది కాదు. నేను అలా ఎప్పుడూ లాగలేదు. ప్రయత్నం చేశాను, రాలేదు. నేనెలా నడుపుతానని నువ్వు అడుగుతుంటే, చెప్పడానికి మొహమాటపడి, ఆయనది చెప్పాను."

"ఇన్నాళ్ళూ వేరేవాళ్ళ బండి నడుపుతున్నావా?"

"చూస్తున్నాననుకో."

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. "సరే. నీది ఎలా కదులుతుంది?"

అతను నల్ల గూడ్సు వెనకాల పెట్టెలని ఒక్కొక్కటే ఇంజను వైపు నెట్టి, వాటి మధ్య కొక్కేలు వదులు అయ్యేలా చేశాడు.

"ముందు ఇంజను ఒక్కటే కదలాలి. తర్వాత మొదటి పెట్టె. దాని తర్వాతది. ఒక్కోటీ తగులుకుంటున్నట్టు నాకు నడుములో తెలియాలి. చప్పుడవుతుంది. ఆయనైతే తిట్టేవాడు. నాకు మాత్రం, అవన్నీ వెనకాలే ఉన్నాయని అలాగైతేనే తెలిసేది."

ఆమె ఇంజనుని ముక్క మీదికి తెచ్చింది. స్విచ్చు వేసింది. ఒక అంకె మార్చింది. అతను తిప్పాడు. తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ మార్చింది.

"మెత్తగా ఉంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు కొట్టినట్టుంది. మధ్యలో ఎక్కడో."

పెయింటరు కిందికి వెళ్ళి టీ తెచ్చాడు. టీ చల్లారింది. ఒకసారి ఇంజను కదిలితే, వెనకాల టక్, టక్, టక్ అని చిన్న చప్పుళ్ళు వరసగా పెట్టెల చివర దాకా వెళ్ళాయి. ముగ్గురూ విన్నారు. మరిది ఆ బండిని అక్కడే ఆపి, వెనక్కి తెచ్చి, మళ్ళీ అలాగే కదిలించాడు. మళ్ళీ అవే చప్పుళ్ళు.

"కదలడం అయింది," అన్నాడు. "ఇక ఆపడం."

ఆపడం కుదరలేదు. పాత లెక్కలోనైతే వంతెన ముందు మీట సున్నాకి తెస్తే, బండి జారి జారి సిగ్నలు ముందు ఆగేది. ఇప్పుడు ఆమె అలాగే చేయబోతే అతను వద్దన్నాడు.

"అంత జారకూడదు. నేను ఇక్కడ నిలబడితే సిగ్నలు ఎడమ పక్కకి వస్తుంది. తల తిప్పితే తప్ప అది నాకు కనిపించదు."

ఆ గదిలో ఇంతవరకు ఎవరూ ఎత్తని మాట అది. చెయ్యి ఎత్తి ఉన్న సిగ్నలు వంక పెయింటరు చూశాడు.

"దాన్ని ఇటు జరపనా?" అన్నాడు.

"నీ సిగ్నలు నువ్వు జరపకు. జరిపితే అదీ రెండుసార్లు జరుపుతావు. బండే ముందు ఆగాలి. నాకు కనిపించేంత దూరంలో ఆగితే, చూసుకుని, మళ్ళీ కదుల్తాను."

అందుకు ఏ అంకె ఎంత ఉండాలో ఆమెకి వెంటనే తెలియలేదు. తగ్గిస్తే బండి వంతెన మీద మొండికేసినట్టు ఆగుతోంది, వెనక పెట్టెలు వచ్చి గుద్దుకుంటున్నాయి. పెంచితే సిగ్నలు దాకా వెళ్ళిపోతోంది. రెంటికీ మధ్య ఎక్కడో ఉంది. కిటికీలో వెలుగు తగ్గేసరికి బండి వంతెన దాటి, సిగ్నలుకి ఇంకా చాలా ఇవతల, ఏమీ లేని చోట ఆగింది. అతను అడుగు వెనక్కి వేసి చూశాడు. తల కొద్దిగా ఎడమకి తిప్పి మళ్ళీ చూశాడు.

"దగ్గర పడింది. ఇంకా కాదు," అన్నాడు. గోడ గడియారం వంక చూసి, చొక్కా దుమ్ము దులుపుకున్నాడు. "రేపు ఆఫీసు అయ్యాక వస్తాను వదినా."

"రేపు సోమవారం."

"అయితే? షాపు ఉందా నీకు?"

"మూసొస్తా."

"రేపు నేను కొండకి రంగేస్తాన్రా," అన్నాడు పెయింటరు. "గదంతా వాసనొస్తుంది."

"వెయ్యి. స్విచ్చు మాత్రం ముట్టుకోకు."

అతను వంగి చెక్క కిందికి దూరాడు. సగం దూరాక మళ్ళీ తల బయటికి పెట్టాడు.

"ఆ బండిని స్టేషన్లోకి తీసుకెళ్ళొద్దు. ఎక్కడుందో అక్కడే ఉండనివ్వు. రేపు అక్కణ్ణుంచే మొదలుపెడదాం."

అతను వెళ్ళాక పెయింటరు జేబులోంచి అగ్గిపెట్టంత చెక్క ముక్క తీశాడు. పొద్దున్నే రాసి ఆరబెట్టినట్టున్నాడు. దాన్ని స్విచ్చు పైన మేకుకి తగిలించాడు. తెల్ల రంగు మీద నల్లటి అక్షరాలు, గుండ్రంగా, నిండుగా, గది అవతలి మూల నుంచి కూడా చదవగలిగేలా ఉన్నాయి: ముందు ఇటు చూడు.

"బావుంది," అంది ఆమె. "ఎవరి కోసం?"

"వచ్చేపోయేవాళ్ళ కోసం."

పసుపు ఇంజను కిటికీ పక్కన పక్కకి తిరిగి పడుకుని ఉంది. దానికింకా ఎవరూ నంబరు ఇవ్వలేదు.

దుమ్ము పడకుండా వారం పొడుగునా పట్టాల మీద పాత దుప్పటి కప్పి ఉంచుతారు. ఆమె దుప్పటి విప్పి గది చుట్టూ పరిచింది. ఎప్పుడూ స్టేషను దగ్గరొక్కచోటే అది ఎత్తుగా లేచేది. ఈసారి వంతెనకీ సిగ్నలుకీ మధ్య లేచింది. ఆమె అక్కడ దుప్పటిని కొంచెం వదులు చేసి, బండి మీద ఏదీ లాగకుండా చూసి, లైటు తీసింది.